పోత గుర్తులు

షెడ్డులో ఆయన్ని అందరూ వేలు మేస్త్రి అనేవాళ్ళు. పాత కారు ఏది లోపలికి వచ్చినా ముందు ఒక చక్రం విప్పించి, బోర్లా పడుకోబెట్టి, దాని వెనకవైపు వేలు పెట్టి తడిమేవాడు. ఇంజను సంగతి, రంగు సంగతి ఆ తర్వాతే. "మా మేస్త్రికి అన్నిట్లో వేలు పెట్టే అలవాటు" అని కుర్రాళ్ళు నవ్వుకుంటే ఆయనా నవ్వేవాడు.

అలా తడమడానికి కారణం ఉంది. అచ్చులో పోసి చేసిన చక్రానికి వెనకవైపు పోత గుర్తులు ఉంటాయి. పోసిన కార్ఖానా ముద్ర, కొలత, ఏ సంవత్సరం ఏ నెలలో పోశారో చెప్పే అంకెలు. యాభై అరవై ఏళ్ళ కారంటే దాని చక్రాల మీద పేంటు మీద పేంటు ఎన్ని పూతలు పడి ఉంటాయో లెక్కలేదు. కంటికి గుర్తులు కనిపించవు, కాని వేలికి అందుతాయి. చూపుడు వేలి కొసతో రెండుసార్లు అటూ ఇటూ రాసి, "ఇది ఈ కారుది కాదు, ఎవరో తర్వాత తగిలించారు" అని చెప్పేసేవాడు. పేంటు గీకి చూస్తే ఆయన అన్నదే ఉండేది. ముఖ్యంగా ఇటలీ కార్లు. ఎత్తు తక్కువగా, ఇద్దరే కూర్చునేలా ఉండే ఆ పరుగు బళ్ళకి తేలిక లోహంతో పోసిన చక్రాలు వచ్చేవి. వాటికి నకళ్ళు ఎక్కువ. అసలువి ఏవో తేల్చడానికి పక్క ఊళ్ళ నించి కూడా ఆయన కోసం మనుషుల్ని పంపేవాళ్ళు.

అదే షెడ్డులో ఆయన బావమరిది కూడా పనిచేసేవాడు. భార్యకి తమ్ముడు. రిపేరు అయిన బండిని రోడ్డు మీదకి తీసుకెళ్ళి నడిపి చూసి రావడం వాడి పని. మాటల పుట్ట. బండి గేటు దాటేముందు తల బయటికి పెట్టి, "బావా, నేను రాకపోతే అక్కకి చెప్పు, మంచి బండిలోనే పోయానని" అనేవాడు. ప్రతిసారీ అదే జోకు. మేస్త్రి ప్రతిసారీ "నోరు మూసుకుని పోరా" అనేవాడు.

ఒక మధ్యాహ్నం వాడు నిజంగానే రాలేదు. ఊరి చివర మలుపులో ముందు చక్రం విరిగింది. ఊడిపోవడం కాదు, విరిగిపోవడం. బండి వెళ్ళి గోడకి కొట్టుకుంది. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికే అయిపోయింది.

తర్వాత విరిగిన ముక్కలు పరీక్షించినవాళ్ళు చక్రంలో పాత పగులు ఉందన్నారు. చక్రం నడుము నించి అంచుకి పోయే ఆకుల్లో ఒకదాని మొదట్లో, పేంటు కింద, వెంట్రుకంత సన్నంగా. షెడ్డు యజమాని మేస్త్రి భుజం మీద చెయ్యి వేసి, "నీ తప్పు కాదు, అది ఎవడికీ దొరికే పగులు కాదు" అన్నాడు. మిగతావాళ్ళూ అదే అన్నారు. మేస్త్రి గోడలాగా విన్నాడు.

అంత్యక్రియలప్పుడు ఆయన కంట్లో చుక్క నీళ్ళు రాలేదు. వెనక నిలబడ్డ బంధువు ఒకావిడ, "చూడు, చీమ కుట్టినట్టైనా లేదు మనిషికి" అని పక్కావిడతో అనడం ఆయనకి వినిపించింది. కోపం రాలేదు. ఆవిడ అన్నది నిజమే అనిపించింది. తనలో ఏదైనా ఉందేమోనని లోపల వెతుక్కున్నాడు. ఏమీ తగల్లేదు.

ఆ తర్వాత షెడ్డుకి వెళ్ళడం మానేశాడు. నరాల డాక్టరు దగ్గరికి భార్యే తీసుకెళ్ళింది. డాక్టరు ఆయన్ని కళ్ళు మూసుకోమని వేళ్ళ కొసల మీద సూదితో ఒక్కోచోట గుచ్చి, "తెలుస్తోందా?" అని అడిగాడు. తెలియలేదు. ఏళ్ళ తరబడి గ్రైండర్లు పట్టి పట్టి వేళ్ళ నరాలు చచ్చుబడ్డాయనీ, ఇక పూర్తిగా తిరిగి రావనీ చెప్పాడు. మేస్త్రి తల ఊపాడు. బయటికి వచ్చాక భార్య, "టీ తాగుదామా?" అంది. తాగారు. గ్లాసు కాలుతోందని ఆయనకి తెలియలేదు. పెదవులకి తగిలాక తెలిసింది.

ఆమె బట్టలు కుడుతుంది. ముందు గదిలో కిటికీ కింద మిషను. పిల్లల గౌన్లు, స్కూలు యూనిఫారాలు, ఆల్టరేషన్లు. కాజాలు మాత్రం ఇప్పటికీ చేత్తోనే కుడుతుంది. మిషను కాజా చూస్తే ఆమెకి ఒళ్ళు మండుతుంది. మేస్త్రి అదే గదిలో ఇంకో మూల కుర్చీలో కూర్చునేవాడు. వీధిలో పోయే బళ్ళ శబ్దం వినేవాడు, ఏ బండో చెప్పగలిగినా చెప్పేవాడు కాదు. వాళ్ళిద్దరూ పోట్లాడుకోలేదు. కూరల గురించి, కరెంటు గురించి, పైవాళ్ళ కుళాయి కారడం గురించి మాట్లాడుకునేవాళ్ళు. తమ్ముడి మాట మాత్రం ఆమె ఎత్తేది కాదు, ఆయనా ఎత్తేవాడు కాదు. అలా మూడేళ్ళు పైనే గడిచాయి.

ఒకరోజు ఫోను మోగింది. ఆయన ఎలాగూ తీయడు కాబట్టి ఆమే తీసింది. అవతల ఒక కళ్ళ డాక్టరమ్మ. పాత షెడ్డు యజమాని నంబరు ఇచ్చాడట. మేనమామ పోతూ ఆవిడకి ఒక ఇటలీ కారు వదిలి వెళ్ళాడు. చక్రాలు నాలుగు ఉండాల్సిన చోట ఎనిమిది ఉన్నాయి. వాటిలో ఆ కారుతో పుట్టినవి ఏవో చెప్పాలి.

"వస్తారండీ. ఎల్లుండి పొద్దున" అని చెప్పి ఫోను పెట్టేసింది భార్య.

"ఎవరు వస్తారు?" అన్నాడు మేస్త్రి.

"మీరే."

"నేను వెళ్ళి ఏం చేస్తాను? చేతికి గుర్తు తగిలితే కదా."

ఆమె పళ్ళతో దారం కొరికి, కుట్టిన గౌను దులిపి మడత పెట్టింది. "నేనూ వస్తాను. నా వేళ్ళు బాగానే ఉన్నాయి" అంది.

ఆయన వద్దనలేదు. వద్దనడానికీ ఎంతో కొంత ఓపిక కావాలి.

డాక్టరమ్మ ఇంటి ముందు భాగం క్లినిక్కు. కళ్ళలో మందు వేయించుకుని తల వెనక్కి వాల్చి కూర్చున్న మనుషుల్ని దాటుకుని వెనకవైపు వెళ్తే కారు గది. తలుపు తీయగానే తడి వాసన, ఎలకల వాసన, పాత ఆయిలు వాసన కలిసి వచ్చాయి. కారు చెక్క దిమ్మల మీద ఉంది. ఒకప్పుడు ఎరుపు, ఇప్పుడు ఇటుక రంగు. పక్కన నేల మీద టార్పాలిన్ పరిచి ఎనిమిది చక్రాలూ వరసగా పెట్టించిందావిడ. అన్నిటికీ ఒకటే వెండి రంగు. చూడ్డానికి ఎనిమిదీ కవల పిల్లలే.

"మా మావయ్యకి ఒక పిచ్చి, మేస్త్రిగారూ" అంది డాక్టరమ్మ. అరవై దాటిన మనిషి, గొంతు మాత్రం కాలేజీ పిల్లది. "ఇలాంటి చక్రం ఎక్కడ కనిపించినా కొనుక్కొచ్చేవాడు. ఎందుకు మావయ్యా అంటే, రేపు దొరక్కపోతేనో అనేవాడు. అన్నీ ఒకేసారి రంగు వేయించి కలిపేశాడు. ఏవి ఏవో ఆయనకి తెలుసు. అడుగుదామంటే ఆయన లేడు."

మేస్త్రి తన భార్యని చూపించి, "మా ఆవిడ. ఆవిడే చూస్తుంది. నేను పక్కనుండి చెప్తాను" అన్నాడు. డాక్టరమ్మ ఎందుకని అడగలేదు. ఒక చిన్న స్టూలు తెచ్చి ఆమెకి వేసింది.

ముందు ఆయన ఒక్కో చక్రాన్నీ రెండు చేతులతో ఎత్తి దించాడు. బరువు తెలియడానికి వేళ్ళు అక్కర్లేదు, మోచేతులూ భుజాలూ చాలు. రెండింటిని పక్కకి జరిపాడు. "ఇవి బరువు. ఇది మామూలు అల్యూమినియం. అసలువి మెగ్నీషియంతో పోస్తారు, చేతికి ఖాళీ డబ్బాలాగా వస్తాయి."

"నమ్మకమేనా?" అంది డాక్టరమ్మ.

"వంటింట్లో వెనిగర్ ఉంటే తెప్పించండి."

సీసా వచ్చింది. ఎనిమిదింటికీ వెనకవైపు గోరంత చోట పేంటు గీకి ఒక్కో చుక్క వేయించాడు. ఆరింటి మీద చుక్క సోడాలాగా బుసబుసమని పొంగింది. రెండింటి మీద ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. డాక్టరమ్మ చప్పట్లు కొట్టినంత పని చేసింది. మేస్త్రి తుడిచెయ్యమన్నాడు.

మిగిలిన ఆరింటిలో ఒకటి కొలిస్తే అర అంగుళం వెడల్పు ఎక్కువ. పందేల కోసం పోసిన రకం అది. దాన్నీ తీసేశారు. ఇంక అయిదు.

"ఇప్పుడు నువ్వు" అన్నాడు భార్యతో.

ఆమె చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని మొదటి చక్రం వెనక చూపుడు వేలు పెట్టింది. కొత్త గుడ్డ నాణ్యం చూసేటప్పుడు ఎలా రాస్తుందో అలాగే, నొక్కకుండా, తేలిగ్గా. కళ్ళు మూసుకుంది.

"ఇక్కడ గుండ్రంగా ఏదో ఉంది."

"గుండ్రంలో?"

"ఒక గీత... కాదు, రెండు. నిచ్చెన మెట్లలాగా."

"అది కార్ఖానా ముద్ర. కిందికి రా. అంకెలుంటాయి."

అంకెలు ఆమె ఒక్కొక్కటే చెప్పింది. మూడో ఎనిమిదో తేలక రెండుసార్లు వెనక్కి వెళ్ళింది. డాక్టరమ్మ కారు తలుపు దగ్గరున్న రేకు ముక్క మీద చూసి, కారు తయారైన నెల చదివింది. చక్రం అంతకు ముందు శీతాకాలంలో పోసింది. సరిపోయింది. రెండోదీ సరిపోయింది. మూడోదాని అంకెలు విని మేస్త్రి తల అడ్డంగా ఊపాడు.

"ఇది కారు పుట్టాక రెండేళ్ళకి పోసింది. మంచిదే, ఆ రకమే, కాని దీనిది కాదు."

"పెళ్ళయిపోయాక కుట్టించిన పెళ్ళిబట్టలన్నమాట" అంది భార్య, కళ్ళు తెరవకుండానే.

డాక్టరమ్మ పడీ పడీ నవ్వింది. మేస్త్రి భార్య ముఖం వంక చూశాడు. ఆమె జోకు వేసి ఎన్నాళ్ళయిందో ఆయనకి గుర్తు రాలేదు.

నాలుగోది సరిపోయింది. అయిదోదీ సరిపోయింది. అంటే నాలుగూ దొరికినట్టే. కాని మేస్త్రి, "ఆపకు. నాలుగింటికీ ఆకుల మొదళ్ళు చూడు. ఆకు నడుముని కలిసే చోట" అన్నాడు.

ఆమె చూసుకుంటూ వచ్చింది. చివరి చక్రం దగ్గర వేలు ఆగింది. మళ్ళీ వెనక్కి వెళ్ళింది. మళ్ళీ ఆగింది.

"ఏంటి?" అన్నాడు.

"దారం."

"దారమేంటి?"

"దారం అడ్డంగా పడి ఉన్నట్టుంది. దులిపినా పోవట్లేదు."

ఆయన వంగి ఆమె వేలు పక్కన తన వేలు పెట్టాడు. ఏమీ లేదు. గట్టిగా నొక్కాడు. గోరు తెల్లబడింది. ఏమీ లేదు. ఆమె తన వేలు తీసేసి ఆయన మణికట్టు పట్టుకుని వేలిని సరిగ్గా ఆ చోటు మీద నడిపించింది. "ఇదిగో, ఇక్కడ" అంది. ఆయనకి ఆమె చెయ్యి పట్టుకున్న సంగతి మణికట్టు దగ్గర తెలిసింది. వేలి కింద ఏమీ తెలియలేదు.

"పేంటు గీతేమో" అంది డాక్టరమ్మ.

థిన్నరుతో పేంటు కడిగారు. కింద బూడిదరంగు లోహం తేలింది. కళ్ళు చిట్లించి చూస్తే ఏదో ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. డాక్టరమ్మ కాసేపు ఆలోచించి, "ఒక్క నిమిషం ఉండండి" అని క్లినిక్కులోకి వెళ్ళింది. వచ్చేటప్పుడు ఒక చిన్న మందు సీసా, నీలం లైటు తెచ్చింది. "కంటి నల్లగుడ్డు మీద గీత పడితే మామూలుగా కనిపించదు. ఈ రంగు వేసి తుడిచేస్తే గీతలో మాత్రం ఉండిపోతుంది. ఈ లైటు కింద మెరుస్తుంది. దీనికీ పనిచేస్తుందేమో చూద్దాం."

రంగు వేశారు. టీ తాగేంతసేపు ఆగి తుడిచారు. గది తలుపు మూసి లైటు వేశారు.

ఆకు మొదట్లోంచి నడుము వైపు, కొంచెం వంగి, సన్నటి పచ్చగీత వెలిగింది. పగులు ఇంత అందంగా ఉంటుందని ఆ ముగ్గురిలో ఎవరూ అనుకోలేదు. మేస్త్రి భార్య స్టూలు మీంచి లేచి తలుపు తీసింది. బయటికి వెళ్ళి గోడ పక్కన నిలబడింది.

"ఈ నాలుగూ దీనివేనమ్మా" అన్నాడు మేస్త్రి. గొంతు ఎప్పటిలాగే ఉంది. "కాని ఇది వెయ్యకండి. దీని బదులు ఆ రెండేళ్ళ తర్వాతది వేసుకోండి. నడపడానికి ఏ లోటూ లేదు."

"అలాగే. ఇది గోడకి పెట్టుకుంటాను, మావయ్య గుర్తుగా."

"పెట్టుకోండి. కాని దాని మీద పెద్ద అక్షరాలతో రాయించండి, పగిలిందని. లేకపోతే రేపు ఎవరో తెలియక తీసి బిగించేస్తారు."

డాక్టరమ్మ ఆయన ముఖంలోకి ఒక క్షణం చూసింది. "ఇవాళే రాయిస్తాను" అంది.

బస్టాపులో బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. ఎండగా ఉంది. ఆమె తన చూపుడు వేలిని చీర అంచుకేసి తుడుస్తూనే ఉంది. థిన్నరు వాసన పోలేదు.

"వాడిదీ ఇలాగే ఉండి ఉంటుందా?" అంది.

ఎవడిదని ఆయన అడగలేదు. "ఉండి ఉంటుంది."

"ఆ రోజు మీరు చూశారా?"

"చూశాను. నాలుగూ తడిమాను."

రోడ్డు మీద ఒక సైకిలు, ఒక నీళ్ళ ట్యాంకరు వెళ్ళాయి.

"నాకు తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"అప్పటికే మీ వేళ్ళు పనిచెయ్యట్లేదని. పొద్దున్నే చొక్కా బొత్తాలు పెట్టించుకోడానికి నా దగ్గరికి వచ్చేవారు కదా. మొదట్లో గారం అనుకున్నాను. తర్వాత తెలిసింది. గ్లాసులు జారిపోయేవి. తాళం కప్పలో తాళంచెవి దూరేది కాదు. ఎవరికీ చెప్పలేదు. మీతోనూ అనలేదు. అంటే మీరు నొచ్చుకుంటారని. అదే తగ్గిపోతుందిలే అనుకున్నాను." వేలు తుడవడం ఆపింది. "నా తమ్ముడండీ వాడు. నేను ఒక్క మాట అని ఉంటే చాలు."

మేస్త్రి నోరు తెరిచాడు. నీదేం తప్పు లేదు అందామనుకున్నాడు. ఆ మాట తనకి ఎంతమంది చెప్పారో, ఒక్కసారీ ఎక్కడా తగల్లేదు. అందుకని అనలేదు. "నేనూ ఒప్పుకోలేదు" అన్నాడు చివరికి. "నాకు నేనే."

బస్సు వచ్చింది. కిక్కిరిసి ఉంది. ఆమెకి ముందు సీటు దొరికింది, ఆయన వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. దారంతా ఆమె జడముడి కనిపిస్తూనే ఉంది. మూడేళ్ళుగా మూసి ఉన్న మాట బయటికి వచ్చింది కాబట్టి ఇప్పుడైనా లోపల ఏదో ఒకటి కదలాలి అనుకున్నాడు. ఎదురుచూశాడు. ఏమీ కదల్లేదు. ఇల్లు వచ్చింది. దిగారు. ఆమె అన్నం వార్చింది. తిన్నారు.

కాని ఆ తర్వాత తమ్ముడి మాట ఇంట్లో వినపడడం మొదలైంది. పెద్ద మాటలేం కాదు. వాడికి వంకాయ పడేది కాదనీ, వాడు ఈల వేస్తే పక్కింటి కుక్క అరిచేదనీ. ఆమె చెప్పేది, ఆయన వినేవాడు. ఒక్కోసారి ఆయనే, "వాడు గేరు మార్చే తీరు ఎవడికీ రాదు" అనేవాడు. డాక్టరమ్మ నోటి మాట మీద ఇంకో ఇద్దరు ముగ్గురు పిలిచారు. భార్యాభర్తలిద్దరూ వెళ్ళి చక్రాలు చూసి వచ్చారు. నిచ్చెన మెట్ల ముద్ర ఆమెకి ఇప్పుడు అడగకుండానే తెలిసిపోతోంది. షెడ్డువాళ్ళు ఆమెకి కూడా పేరు పెట్టారు, వేలమ్మ అని. ఆయనకి అది విని నవ్వు రాలేదు, చెడ్డగానూ అనిపించలేదు.

వానలు వెళ్ళాక డాక్టరమ్మ మళ్ళీ ఫోను చేసింది. కారు తయారైంది, రోడ్డెక్కే ముందు మీరిద్దరూ ఒకసారి చూడాలి అని.

వెళ్ళారు. కారు దిమ్మల మీంచి దిగి నేల మీద నిలబడి ఉంది. కొత్త ఎరుపు. మేస్త్రి నాలుగు చక్రాలూ విప్పించాడు. ఆమె చూసింది.

"చూశావా?"

"చూశాను. ఏం లేదు."

"మళ్ళీ చూడు."

ఆమె మారుమాట లేకుండా మళ్ళీ మొదటినించీ చూసింది. చక్రాల మధ్యలో రెక్కలుండే పెద్ద నట్లని ఆయనే స్వయంగా రాగి సుత్తితో కొట్టి బిగించాడు. బిగువు చెవితో తెలుసుకున్నాడు, దెబ్బ శబ్దం మొద్దుగా కాక ఖంగున మోగేదాకా.

డాక్టరమ్మ డ్రైవరు సీట్లో కూర్చుని పక్క తలుపు తోసింది. "రండి అక్కా, ఒక చుట్టు తిరిగొద్దాం. ఇందులో ఇద్దరికే చోటు. మేస్త్రిగారు తర్వాత."

"నేనా?" అంది ఆమె. అంటూనే కొంగు నడుముకి చుట్టి ఎక్కి కూర్చుంది. ఆయన ఏదో అనేలోపే ఇంజను గర్జించింది. బండి గేటు దాటి, వీధి చివర తిరిగి, కనిపించకుండా పోయింది. కాసేపు శబ్దం వినిపించింది. తర్వాత అదీ లేదు.

క్లినిక్కు ఆయా కుర్చీ తెచ్చి వేసింది. ఆయన కూర్చోలేదు. గేటు పట్టుకుని నిలబడ్డాడు. కొంచెంసేపటికి నుదుటికి చెమట పట్టింది. ఎండేమో అనుకున్నాడు. గేటు వదలకుండానే నీడలోకి జరిగాడు. నీడలోనూ చెమట ఆగలేదు. వీపు మీదా కారుతోంది. ఒక చుట్టు అంటే ఎంతసేపు? పెద్ద రోడ్డు మీదకి వెళ్ళారా? అక్కడ మలుపు ఉంది. మూడో చక్రం ఆమె తొందరగా ముగించినట్టు అనిపించింది. నిజంగా తొందరగా ముగించిందా, తనకి అలా అనిపిస్తోందా? ఆయా, "ఏమైందయ్యా, నీళ్ళు తేనా?" అంటోంది. ఆయన వీధి చివర నించి కళ్ళు తిప్పలేదు. భయం. దాని పేరు గుర్తు రావడానికి ఆయనకి ఇంతసేపు పట్టింది.

బండి అవతలి వైపు నించి వచ్చింది. ముందు శబ్దం, తర్వాత ఎరుపు. గేటు ముందు ఆగింది. భార్య జుట్టంతా రేగిపోయి ఉంది, కళ్ళ నిండా నీళ్ళు, గాలికో దేనికో. నవ్వుతోంది. ఆయన్ని చూసి నవ్వు ఆపింది.

"ఏంటింత ఆలస్యం?" అని అరిచాడు మేస్త్రి. క్లినిక్కులో తలలు వాల్చుకున్న మనుషులు కూడా ఇటు తిరిగారు. "ఒక చుట్టన్నారు! ఎక్కడికి పోయారు? మనిషి ఇక్కడ ఉన్నాడన్న ధ్యాస ఉందా మీకు?"

డాక్టరమ్మ ఇంజను ఆపేసింది. భార్య సీట్లోంచి లేవకుండా ఆయన వంక చూసింది. మూడేళ్ళలో ఆయన గొంతు పెంచింది ఇదే.

"పెట్రోలు పోయించుకున్నామండీ" అంది నెమ్మదిగా. "బంకు దగ్గర జనం."

ఆయన ఇంకా గేటు పట్టుకునే ఉన్నాడు. ఆమె తలుపు తీసుకుని దిగి, కొంగుతో ఆయన నుదుటి మీద చెమట తుడిచింది.